గృహకృత్యములు: హౌజులోని నల్లమచ్చలు

ఉస్మానియా విశ్వవిద్యాలయము ప్రక్కనున్న మాణికేశ్వర్ నగరులో మా పెరటియందు మొలలోతు సిమెంటు హౌజొకటి కలదు. వేసవి సెలవులలో పిల్లల కదియే ఈతకొలను. పోయిన వేసవిలో నీరు తోడించి చూడగా అడుగున అరచేతులంతేసి నల్లని మచ్చలు కనబడినవి. కొబ్బరిపీచుతో తోమించితిమి, ఇటుకపొడితో తోమించితిమి, చెక్కు చెదరలేదు. పొరుగింటి పెద్దమ్మగారు దిష్టి యనిరి. మేము పాచి యనుకొంటిమి. రెండును తప్పే.

పాచియైనచో బ్లీచింగు పౌడరునకు లొంగునని పిడికెడు చల్లితిమి. నలుపు పోయినది గాని, ఆ చోటనే తుప్పువన్నె తేలినది. అంతట మాకు తొందర పుట్టి, పాయిఖానా కడుగు ఆసిడు తెచ్చి పోయుమని పనిమనిషితో చెప్పితిమి. ఆమె హౌజులో దిగి పోయగానే ఘాటు గుప్పున లేచి, ఊపిరాడక దగ్గుతెర పట్టినది. చేయిపట్టి పైకి లాగి, గాలికి కూర్చుండబెట్టి, వెంటనే వైద్యునికి చూపితిమి. గండము గడచినది. తప్పు ఆమెది కాదు, చెప్పిన మాది. ఆసిడు తగిలిన బ్లీచింగు పౌడరునుండి క్లోరిన్ వాయువు వెడలును. 1915వ సంవత్సరమున బెల్జియములోని ఈప్ర్ యొద్ద సైనికులపై వదలినది ఈ వాయువే. గాలికంటె బరువైనది గావున గుంటలలో నిలిచిపోవును. హౌజును సంపును గుంటలే గదా! సోదరీమణులారా, ఈ రెంటిని ఏనాడును కలుపకుడు. ఒకదాని వెంట నొకటి వాడకుడు.

ఇక మచ్చల మర్మము. పూర్వులు కరక్కాయ కషాయములో అన్నభేది వేసి సిరా కాచెడివారు. అన్నభేది యనగా ఇనుపలవణమే. శ్రీకాళహస్తి కలంకారీవారు ఇనుపముక్కలను బెల్లపునీటిలో ఊరవేసి, కరక్కాయ పట్టించిన గుడ్డపై ఆ నీటితో నలుపు గీయుదురు. వగరు, ఇనుము కలిసిన నలుపగునన్నమాట. మా హౌజుపైకి బాదముచెట్టు వ్రాలియున్నది. దాని యాకులలో వగరు మెండు. బోరునీరు పట్టునప్పుడు తేటగానుండి మఱునాటికి పచ్చబడును. అది ఇనుము గుర్తు. ఆకులు రాలి అడుగున మురిగినచోట్ల సిరా తనంతట తానే తయారైనది! బ్లీచింగు పౌడరు ఆకుపాలును విఱిచినది, ఇనుపపాలు తుప్పై మిగిలినది.

మచ్చ యేదో తెలియుటకు నమలెడి విటమిన్ సి మాత్ర నొకదానిని పొడిచేసి, పలుచని గుడ్డలో మూటగట్టి, తడిమచ్చపై అరనిమిషము అదిమి పట్టవలెను. వెలవెలబోయినచో ఇనుమున్నదని యర్థము. మాత్రకు లొంగక బ్లీచింగునకు పోయినది ఉత్త ఆకుమచ్చయో పాచియో యగును. నీలమును పచ్చయు కలసిన వన్నెయైన చిలుము. ఇత్తడి కుళాయి క్రింద వెదకుడు. తెల్లని పక్కు నీటిలోని సున్నపుది.

మేము హౌజును పలుమారులు కడిగించి, రెండుదినములు ఎండనిచ్చి, బ్లీచింగు వాసన బొత్తిగా పోయిన పిదపనే నిమ్మకాయలు ముట్టితిమి. పులుపేదైనను ఆ పౌడరుపై పడరాదు. నిమ్మరసములో తడిపిన గుడ్డను మచ్చపై పదినిమిషము లుంచి, కుంచెతో రుద్ది, కడిగితిమి. అంతకు మించి యుంచిన పులుపు సిమెంటును తినును. మూడవ మారునకు మచ్చలన్నియు పోయినవి. మూలనున్న దొకటి మాత్రము లేతగా మిగిలినది. దానిని వదలివేసితిమి.

ఇప్పుడు హౌజుపై వల కట్టి, ఆకులు ఏనాటి కానాడు ఏరుచున్నాము. బోరునీరు డ్రమ్ములో రాత్రియంతయు నిలిపి, పైతేట మాత్రమే వంచుదుము. ఆసిడు సీసా నాడే వెళ్లగొట్టినాము. పాయిఖానాకు సబ్బునీరు, కుంచె చాలునని పనిమనిషియే తేల్చి చెప్పినది.