పాత బండి రోడ్డు మీదే ఉండాలి
అవుకు నుంచి బనగానపల్లె, నంద్యాల దాకా రోజూ తిరగడానికి పాత అంబాసిడర్ ఇప్పటికీ పనికొస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. ఉత్తరపారాలో దాని తయారీ 2014లో ఆగిపోయినా, బండి గుట్టు తెలిసిన మెకానిక్ ఉంటే చాలు, బాగుచేసుకోవచ్చు. అయితే ప్రేమ ఒక్కటే సరిపోదు. నాపరాళ్ల గనుల దుమ్ము లేచే మా దారుల్లో ఎయిర్ ఫిల్టర్‌ను తరచూ శుభ్రం చేయాలి. ఎండాకాలంలో పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి నీళ్లు చూసుకోవాలి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు పాత రబ్బరు పైపులు తట్టుకోలేవు, వాటిని మార్పించాలి. సీటు బెల్టులు పెట్టించాలి. అన్నిటికన్నా ముఖ్యం, 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేయిస్తే 'వీఏ' నంబరు వస్తుంది గానీ, దాన్ని రోజువారీ పనులకు తిప్పకూడదు. రోజూ నడపాలనుకునేవాళ్లు ఆ నంబరు జోలికి పోకుండా, 5 ఏళ్లకోసారి మామూలు రిజిస్ట్రేషన్‌నే రెన్యువల్ చేయించుకోవాలి. ఇంట్లో తాతల నాటి కారుంటే తుక్కుకు అమ్మకండి. బ్రేకులు బాగుచేయించి, కాగితాలు సరిచూసుకుని, ధైర్యంగా నడపండి.