పట్టాలు ఒకరివే అయితే...

అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో బొగ్గుకు కొదవలేదు. అక్కడి పౌడర్ రివర్ లోయలో పైనున్న మట్టి తొలగిస్తే చాలు, దళసరి పొరలు బయటపడతాయి. తవ్వడం చవకే. ఖర్చంతా దాన్ని వందల మైళ్ల అవతల ఉన్న కరెంటు ప్లాంటుకు చేర్చడంలోనే. చాలాసార్లు బొగ్గు ధర కంటే రైలు కిరాయే ఎక్కువ!

ఆ కిరాయి ఎవరు నిర్ణయించాలి? అక్కడ రైళ్లు ప్రైవేటు కంపెనీలవి. అయినా 1980 దాకా రేటు మార్చాలన్నా, నష్టాల లైను మూసేయాలన్నా ప్రభుత్వ కమిషన్ ఒప్పుకోవాల్సిందే. ఈలోగా సరుకంతా లారీలెక్కేసింది. 1970లో పెన్ సెంట్రల్ అనే భారీ రైలు కంపెనీ దివాలా తీసింది. చివరికి 1980 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ స్టాగర్స్ చట్టంపై సంతకం చేశారు. ఇక రైలు కంపెనీ, సరుకు పంపేవాడు బేరమాడుకుని రహస్యంగా కాంట్రాక్టు రాసుకోవచ్చు.

ఫలితం? పౌడర్ రివర్ బొగ్గును మోయడానికి 1984లో రెండో రైలు కంపెనీ కూడా వచ్చింది. పోటీ పెరిగింది, కిరాయిలు దిగొచ్చాయి. గంధకం తక్కువగా ఉండే ఆ బొగ్గు దూర రాష్ట్రాలకూ చేరింది. దివాలా అంచుకు చేరిన రైల్వేలూ కోలుకున్నాయి.

కానీ అందరికీ ఆ అదృష్టం లేదు. ఒకే కంపెనీ పట్టాలున్న ప్లాంటు ఎవరితో బేరమాడుతుంది? వయోమింగ్‌లోనే ఉన్న లారమీ రివర్ విద్యుత్ కేంద్రానిది ఇదే కథ. గ్రామీణ సహకార సంఘాలకు కరెంటిచ్చే ప్లాంటు అది. 2004లో పాత కాంట్రాక్టు ముగియగానే రైలు కంపెనీ కిరాయి పెంచేసింది. బొగ్గు తెచ్చేందుకు మరో లైను లేదు. ప్లాంటువాళ్లు రవాణా బోర్డు గడప తొక్కారు. కిరాయి మితిమీరిందని 2009లో బోర్డు తేల్చింది. వాపసు, తగ్గింపు కలిపి సుమారు 34.5 కోట్ల డాలర్ల ఊరట ప్రకటించింది.

అయితే బోర్డు ముందు వాదించాలంటే లాయర్లు, లెక్కల నిపుణులు, ఏళ్లకేళ్ల ఓపిక కావాలి. పైగా రైలు నడపడానికయ్యే చర ఖర్చుకు 180 శాతం దాటని కిరాయిని సవాలు చేసే వీలే లేదు. చిన్న సంస్థలు అంత భారం మోయలేవు. కిరాయి పెరిగితే ఆ భారం చివరికి చేరేది ఇంటి కరెంటు బిల్లులోకే.

స్వేచ్ఛ ఇచ్చినంత మాత్రాన బేరం కుదరదు. ‘నువ్వు కాకపోతే ఇంకొకరు’ అనగలిగే రెండో దారి కూడా ఉండాలి మరి!