పేడతొట్టిలోని పొత్తు



గడచిన సంక్రాంతికి మిగిలిన అన్నమును, పిండివంటలను పారవేయ మనసొప్పక, మేము వాని నన్నిటిని ఒక్కసారిగా పెరటిలోని గోబర్ గ్యాసు తొట్టిలో వేయించితిమి. నాలుగవనాటికి పొయ్యిమంట సన్నగిల్లెను, ఆరవనాటికి ఆరిపోయెను. తొట్టినుండి పుల్లని కంపు వచ్చుచుండెను. పేడ కలుపు పనిమనిషి నీరెక్కువ పోసినదని తలచి ఆమెను కోపించితిమి. తప్పు మాదేయని పిదప తెలిసినది.

పేడనుండి గ్యాసు పుట్టించుట ఒక్క జాతి సూక్ష్మజీవులకు సాధ్యమగు పని కాదు. గాలి చొరని ఆ తొట్టిలో నాలుగు జట్లు పని పంచుకొనును. మొదటిది పీచును, పిండిని, క్రొవ్వును విడగొట్టి నీట కలియునట్లు చేయును. రెండవది వానిని పులియబెట్టి ఆమ్లములుగా మార్చును. మూడవది ఆ ఆమ్లములనుండి సిర్కాకు పులుపు నిచ్చు అసిటిక్ ఆమ్లమును, ఉదజని వాయువును తీయును. నాలుగవది వీనినుండి పొయ్యిలో మండు మీథేను వాయువును చేయును. ఒకరి విసర్జనము మరియొకరికి ఆహారము.

ఈ పొత్తు ఎంత గాఢమైనదో తెలుపు వృత్తాంతమొకటి కలదు. ఆల్కహాలును మీథేనుగా మార్చునది మీథనోబాసిల్లస్ ఒమెలియాన్‌స్కీ యను ఒకే జీవియని శాస్త్రజ్ఞులు పెక్కేండ్లు నమ్మిరి. అది ఒకటి కాదు, రెండు జాతుల జంటయని 1967లో అమెరికాలో బ్రయంట్ మొదలగువారు వెల్లడించిరి. అందొకటి ఆల్కహాలును తిని ఉదజనిని విడుచును. అది పేరుకొన్నచో తన పనియే సాగదు. రెండవది ఆల్కహాలును ముట్టదు. ఆ ఉదజనినే గ్రహించి, బొగ్గుపులుసు వాయువుతో చేర్చి మీథేనుగా మార్చి, తానును బ్రదుకును, తోడిదానిని బ్రదికించును.

ఇక మా తొట్టి సంగతి. వండిన అన్నము త్వరగా పులియును. ఆమ్లము చేయు జట్టు వేగముగా వృద్ధి పొందును. మీథేను చేయు జట్టు మెల్లగా పెరుగును, పులుపున కోర్వజాలదు. పులుపు హెచ్చినకొలది అది చతికిలబడును. అంతట మంట ఆరును.

మేము వారముదినములు తొట్టిలో ఏమియు వేయక, బాగుగా పనిచేయుచున్న పొరుగువారి తొట్టినుండి కొన్ని బాల్చీల పేడనీరు తెచ్చి పోయించితిమి. పిమ్మట పేడకు సమముగా నీరు కలిపి, కొద్దికొద్దిగా వేయించితిమి. పక్షము దాటినపిదప నీలిమంట మరల వెలిగినది.

కావున వంటింటి వ్యర్థములను సన్నగా తరిగి, నిత్యము కొంచెము కొంచెముగా పేడతో కలిపి వేయవలెను. ఫినాయిలును, సబ్బునీటిని తొట్టిలో పోయరాదు. మెల్లగా పనిచేయువారికి తగినంతయే పని పెట్టవలెనన్నది ఈ తొట్టి మాకు నేర్పిన పాఠము. పనిమనిషిని పిలిచి, తప్పు మాదని చెప్పితిమి.