వానలో మల్లెకు కుండీయే గొడుగు

చలి దేశాల్లో తెలుగువాళ్లు మల్లెను కుండీలో పెంచేది శీతకాలం రాగానే ఇంట్లోకి చేర్చుకోవడానికి. చలి ఊసే లేని అండమాన్‌లో కుండీ ఎందుకని అడగవచ్చు. అక్కడ మల్లెకు గండం వాన: ఏటా దాదాపు 3000 మిల్లీమీటర్లు, మే నుంచి డిసెంబరు దాకా. నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. కుండీనైతే చూరు కిందికి జరపవచ్చు, కొమ్మలు కత్తిరించి, నీళ్లు తగ్గించి విశ్రాంతినివ్వవచ్చు. మల్లె విరగబూసేది ఆ విశ్రాంతి తర్వాతే. వేసవిలో కుండీ త్వరగా ఎండుతుందన్నది నిజమే. పైన కొబ్బరిపీచు పరిస్తే తడి నిలుస్తుంది, పీచుకు ఆ దీవుల్లో కొదవా? 2024లో శ్రీ విజయపురమైన పోర్ట్ బ్లెయిర్‌లోని తెలుగు కుటుంబాలకు ఒక్క విన్నపం: విశాఖ ఓడలో మొక్కను మట్టితో తేకండి, దీవుల్లో లేని పురుగు ఆ మట్టిలో రావచ్చు. అక్కడే పెరిగిన మల్లె నుంచి కొమ్మ అడిగి నాటుకోండి.