ఐదు రూపాయల బిళ్ళకు ఐదు లక్షలా?

మా చదువంతా అరవ మీడియం, తెలుగు ఇంట్లో నేర్చుకున్నదే. తప్పులుంటే మన్నించండి.

పోయిన నెల మన పురసవాక్కం సభ్యురాలు ఒక పెద్దావిడ మా ఇంటికి వచ్చి ఏడ్చారు. వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల నాణేనికి ఐదు లక్షలు ఇస్తామని ఫోన్లో ప్రకటన. ఫొటో పంపితే "అసలుదేనమ్మా" అన్నారట. తరవాత రిజిస్ట్రేషన్ అని, జీఎస్టీ అని, మూడు విడతల్లో పద్దెనిమిది వేలు లాగేశారు. కొడుక్కి ఇంకా చెప్పలేదు.

నాణెం అసలుదే. విలువే అబద్ధం. 2012లో వచ్చిన ఆ బిళ్ళలు టికెట్ కౌంటర్లో మా చేతుల మీదుగా ఎన్ని పోయాయో! కొనేవాడు డబ్బు ఇవ్వాలి గాని మనల్ని అడగడమేమిటి? రిజర్వు బ్యాంకు పేరు చెప్పినా నమ్మకండి. పాత నోట్లు, నాణేల బేరాల్లో తాము లేమని, ఛార్జీగాని కమిషన్‌గాని అడగమని 2021 ఆగస్టు 4న ఆ బ్యాంకే ప్రకటించింది.

ఇక రామ పట్టాభిషేకం, హనుమంతుడు ఉన్న "1818 ఈస్టిండియా కంపెనీ" అణాలు. కంపెనీ అలాంటి అణా వేయనే లేదు. పూజలో పెట్టుకోండి, తప్పులేదు. లక్షలు పోసి కొనకండి.

నిజంగా విలువ ఉండేవి మన బీరువాల్లోనే ఉంటాయి. అయిదో జార్జి వెండి రూపాయి 11.66 గ్రాములు తూగాలి. అయస్కాంతానికి అంటుకుంటే వెండి కాదు. తూకం సరిపోయినా నకిలీ కావచ్చు, అక్షరాల అంచులు భూతద్దంతో చూడాలి. అన్నిటికన్నా పెద్ద తప్పు మన ఆడవాళ్ళది (మా ఇంట్లోనూ జరిగింది, అందుకే ధైర్యంగా రాస్తున్నాం): చింతపండు పెట్టి తళతళ తోమడం. సేకరించేవాళ్ళకు ఆ పాత నలుపే కావాలి. గీతలు పడ్డ మెరుపుకు వెండి ధర దాటి ఇవ్వరు.

విదేశంలో ఉన్న మనవడు అడిగాడని నూరేళ్ళు దాటిన నాణెం పోస్టులో పంపకండి. 1972 చట్టం ప్రకారం అలా దేశం దాటించకూడదు.

వచ్చే ఆదివారం సమావేశానికి చిన్న తక్కెడ, భూతద్దం తెస్తాం. ఎవరికైనా ఫొటో పంపేముందు బిళ్ళను అక్కడికి తీసుకురండి. తోమకుండా.