డీజే కుర్రాళ్ల చెవులు పరీక్షించేదెవరు?

నర్సీపట్నం చుట్టుపక్కల పెళ్లి వూరేగింపు గానీ, అమ్మవారి పండగ గానీ, వినాయక నిమజ్జనం గానీ ఇప్పుడు డీజే లేకుండా జరగడం అరుదు. వ్యాను మీద నిలువెత్తు బాక్సులు, వెనుక జనరేటరు, మధ్యలో మిక్సరు దగ్గర ఒక కుర్రాడు. ముందు చిందులు వేసే జనం గంటకో, రెండు గంటలకో ఇళ్లకు పోతారు. మోతకు నిద్రపట్టని ముసలివారు, పరీక్షలకు చదువుకునే పిల్లలు గోడు వెళ్లబోసుకుంటారు. ఒక్కొక్కప్పుడు పోలీసులు కూడా వస్తారు. కాని ఆ బాక్సులకు అందరికంటె దగ్గరగా, అందరికంటె ఎక్కువసేపు నిలబడే కుర్రాడి చెవుల సంగతి అడిగేవారు లేరు. ముహూర్తాలు ముమ్మరంగా వున్న రోజుల్లో వరుసగా ఎన్నో రాత్రులు ఆ చెవులకు విశ్రాంతి వుండదు.

అతనికి కూడా ఆ ఆలోచన రాదు. అప్పుచేసి కొన్న సెట్టు అయినా కావచ్చు, రాత్రి కూలికి వెళ్లే పని అయినా కావచ్చు. తెల్లవారేసరికి చెవుల్లో గుయ్‌మని హోరు. సాయంత్రానికి అది తగ్గుతుంది. తగ్గింది గనుక ఏమీ కాలేదనుకుంటాడు. అలా అనుకోవడంలోనే ప్రమాదం వుంది. నిప్పు కాలితే వెంటనే తెలుస్తుంది. మోత వల్ల వచ్చే చెవుడు నొప్పి లేకుండా, నెమ్మదిగా, రెండు చెవులకూ వస్తుంది. ఇంట్లోవాళ్లు గమనించేసరికే చాలా నష్టం జరిగిపోతుంది. దానిని ముందుగా పట్టి చూపగలిగేది చెవి పరీక్ష ఒక్కటే. ఆ పరీక్షే ఈ పనిచేసే కుర్రాళ్లకు అందడం లేదు.

నాటి మైకుసెట్టు వేరు

మోత మన వూళ్లకు కొత్త కాదు కదా, మైకులు ఎన్నాళ్లనుంచో వున్నాయి కదా అని కొందరు అనవచ్చు. నిజమే. అహూజా ఆంప్లిఫయరు, గ్రామఫోను, రెండు బాకాలు వుంటే ఒకప్పుడు పెళ్లికి అదే గొప్ప. అయితే ఆ బాకాలను చింతచెట్టుకో, వెదురుగడకో ఎత్తుగా కట్టేవారు. మైకు ఆపరేటరు పందిరి మూల కూర్చుని రికార్డులు మార్చుకునేవాడు. మోత పైన, మనిషి దూరంగా కింద వుండేవారు. ఇప్పుడు వేల వాట్ల బాక్సులు మనిషి ఎత్తులోనే, మనిషికి రెండు మూడు గజాల్లోనే వుంటున్నాయి. వ్యాను డ్రైవరు, వైర్లు మోసే పిల్లలు, ముందు నడిచే డప్పువాద్యగాళ్లు కూడా ఆ మోతలోనే రాత్రంతా గడుపుతున్నారు.

శబ్దాన్ని డెసిబెళ్లలో కొలుస్తారు. ఇద్దరు ఎదురుగా కూర్చుని మాట్లాడుకుంటే అది సుమారు 60 డెసిబెళ్లు. అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధనా సంస్థ 1998లో ఇచ్చిన సూచన ప్రకారం 85 డెసిబెళ్ల మోతలో రోజుకు 8 గంటలకు మించి పనిచేయరాదు. అక్కడినుంచి 3 డెసిబెళ్లు పెరిగినప్పుడల్లా శబ్దశక్తి రెట్టింపవుతుంది గనుక పనిచేసే వేళ సగానికి తగ్గాలి. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు, 94 అయితే ఒక గంట. 100 డెసిబెళ్లకు చేరితే పావుగంట మాత్రమే. డీజే బాక్సుల దగ్గర 100 డెసిబెళ్లు దాటడం పరిపాటి. 100 దగ్గరే వుందనుకున్నా మూడు గంటల వూరేగింపులో ఆ కుర్రాడి చెవుల్లో పన్నెండు రోజుల మోత పడుతున్నదన్నమాట.

పోయినది తిరిగి రాదు

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక భాగం వుంది. అందులో సుమారు 15 వేల రోమకణాలు వుంటాయి. గాలికి వరిచేను వూగినట్టు ఇవి శబ్దానికి కదులుతాయి. ఆ కదలిక నరం ద్వారా మెదడుకు చేరితే మనకు వినిపిస్తుంది. ఒక రాత్రి గాలికి ఒరిగిన చేను మర్నాటికి లేచి నిలబడవచ్చు. రోజూ గాలి కొడితే నేలకరుస్తుంది. చెవి సంగతీ అంతే. పైకి తేరుకున్నట్టు కనిపించినా లోపల నరాల అతుకులు కొన్ని శాశ్వతంగా తెగిపోవచ్చునని 2009లో ఎలుకల మీద జరిగిన పరిశోధనలో తేలింది. కోడి చెవిలో ఈ రోమకణాలు చనిపోతే మళ్లీ పుడతాయని శాస్త్రజ్ఞులు 1980 దశకంలో కనుగొన్నారు. మనిషికి ఆ అదృష్టం లేదు. పోయిన కణాలను తిరిగి తెచ్చే మందు నేటికీ వైద్యుల చేతిలో లేదు.

ఈ చెవుడు మొదట సన్నని శబ్దాలను తినేస్తుంది. పిట్టకూత, సైకిలు గంట, పసిపిల్లల గొంతు మసకబారుతాయి. లారీ మోత, బాక్సు దరువు మాత్రం బాగానే వినపడతాయి. అందుకే మనిషి తనకు చెవుడు లేదనుకుంటాడు. మాట వినపడుతుంది కాని అర్థం కాదు. స, త, చ వంటి అక్షరాలు జారిపోయి ‘పూస’ అంటే ‘పూత’ అనిపిస్తుంది. సంతలో నలుగురి మధ్య వున్నప్పుడు, ఫోనులో మాట్లాడేటప్పుడు మాటిమాటికీ ‘ఏటి? ఏటన్నావు?’ అని అడుగుతాడు. ఇంట్లో టీవీ సౌండు పెంచుతాడు. భార్య గొణుగుతోందని విసుక్కుంటాడు. ఈ గుర్తులు కనిపిస్తే ఇంట్లోవాళ్లు ఎగతాళి చేయకుండా పరీక్షకు పంపాలి.

ఈ వృత్తిలో చెవే పనిముట్టు. కంసాలికి త్రాసు ఎంతో, మిక్సరు ముందు కూర్చునేవాడికి చెవి అంత. సన్నని శబ్దాలు తనకు వినపడక వాటిని ఇంకా పెంచుతాడు. పాట గీపెడుతుంది. చెవి మొద్దుబారిన కొద్దీ సౌండు పెరుగుతుంది. సౌండు పెరిగిన కొద్దీ చెవి మొద్దుబారుతుంది. ఇంట్లో కంప్యూటరు పెట్టుకుని హెడ్‌ఫోనుతో గంటల తరబడి రీమిక్సులు కట్టే కుర్రాళ్లకూ ఇదే వర్తిస్తుంది. సెట్టు మీద అప్పు తీరకముందే చెవి పోతే ఆ కుటుంబం గతి ఏమిటి?

పరీక్ష కష్టమైనది కాదు

చెవి పరీక్ష అంటే సూదులు, కోతలు వుండవు. నిశ్శబ్దంగా వున్న గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోను తగిలిస్తారు. ఒక్కొక్క చెవిలో సన్నవి, మందరమైనవి ధ్వనులు వినిపిస్తారు. వినపడితే బటను నొక్కాలి. అర్ధగంటలోపు అయిపోతుంది. ఎంత చిన్న శబ్దం వినగలుగుతున్నాడో కాగితం మీద గీత గీస్తారు. దానినే ఆడియోగ్రాం అంటారు. 20 డెసిబెళ్లలోపు శబ్దాలు వినగలిగితే వినికిడి బాగున్నట్టు. మోత దెబ్బతిన్న చెవి అయితే 4 వేల హెర్ట్జుల ప్రాంతంలో ఆ గీత గుంటలా దిగుతుంది. మనిషికి తానుగా ఏ తేడా తెలియకముందే ఆ గుంట కాగితం మీద కనిపించవచ్చు. అప్పుడు జాగ్రత్తపడితే మిగిలిన వినికిడిని కాపాడుకోవచ్చు.

ఒక నియమం మాత్రం పాటించాలి. పరీక్షకు ముందు కనీసం 14 గంటలు మోతకు దూరంగా వుండాలి. రాత్రి వూరేగింపు ముగించుకుని పొద్దున్నే పరీక్షకు వెళితే ఫలితం సరిగా రాదు.

విశాఖపట్నం పెదవాల్తేరులో ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి వుంది. కాని గొలుగొండ, నాతవరం, కోటవురట్ల, రోలుగుంట మండలాల కుర్రాళ్లు అక్కడికి వెళ్లి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీలు అదనం. నొప్పి లేని జబ్బుకు అంత ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? గనుక పరీక్షే వారి దగ్గరికి రావాలి.

ఫ్యాక్టరీ కార్మికుడికి వున్న రక్ష

మోత వల్ల వచ్చే చెవుడును 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రభుత్వానికి తెలియపరచవలసిన వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది. దాని స్థానంలో వచ్చిన 2020 నాటి వృత్తి భద్రతా స్మృతిలోనూ అది కొనసాగుతున్నది. యంత్రం పక్కన నిలబడే కార్మికుడికి చట్టం పేరైనా వుంది. డీజే కుర్రాడికి ఫ్యాక్టరీ లేదు, హాజరు పట్టీ లేదు. ఒక పెళ్లికి ఒక యజమాని, మరో పెళ్లికి మరో యజమాని.

సంగీతం వినోదమే గాని మోత కాదనే వాదన కూడా నిలవదు. లండన్‌లోని రాయల్ ఒపేరా హౌస్‌లో 2012లో ఒక రిహార్సలు సందర్భంగా ఇత్తడి వాద్యాల ముందు కూర్చున్న వయోలా వాద్యకారుడి వినికిడి దెబ్బతిన్నది. ఆ సంస్థే బాధ్యత వహించాలని 2018లో అక్కడి హైకోర్టు తీర్పు చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సంగీత వేదికలకు ఒక ప్రమాణం ప్రకటించింది. సగటు శబ్దం 100 డెసిబెళ్లు మించరాదని, వచ్చినవారికి చెవి బిరడాలు అందుబాటులో వుంచాలని, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని అందులో వుంది. మన దేశంలో ప్రముఖ గాయని అల్కా యాగ్నిక్ వైరస్ సోకి వినికిడి దెబ్బతిన్నట్టు 2024లో వెల్లడించారు. ఆమెకు కారణం మోత కాకపోయినా, పెద్ద సౌండు, హెడ్‌ఫోన్ల విషయంలో జాగ్రత్తగా వుండాలని ఆ సందర్భంలోనే యువతను హెచ్చరించారు.

మన శబ్ద కాలుష్య నియమాలు 2000 సంవత్సరం నుంచి అమలులో వున్నాయి. ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు హద్దు. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం. రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 వరకు బహిరంగ స్థలంలో లౌడ్‌స్పీకర్లు వాడరాదు. ఇవి వీధిలోని వారి కోసం చేసిన నియమాలు. అవి అమలు జరిగితే బాక్సు దగ్గరి వాడికీ మేలే.

నిషేధం రాకముందే

హైదరాబాదు పోలీసులు 2024 అక్టోబరులో మతపరమైన వూరేగింపుల్లో డీజేలను నిషేధించారు. ఇక్కడా అంతదాకా వస్తే మొదట కడుపు మాడేది ఈ కుర్రాళ్లకే. ‘సౌండు తగ్గిస్తే బేరం పోతుంది’ అని వారు చెప్పేది అబద్ధం కాదు. ఒక్కడు తగ్గిస్తే పక్కవాడు ఆ పెళ్లి తన్నుకుపోతాడు. అందరూ ఒకే హద్దుకు కట్టుబడితే ఎవరి బేరమూ పోదు. గనుక సౌండు సెట్ల యజమానులను, పోలీసు అధికారులను, మునిసిపాలిటీని ఒకచోట కూర్చోబెట్టి ఆ హద్దు తేల్చడం అవసరం. మైకు అనుమతి ఇచ్చేటప్పుడే దానిని కాగితం మీద రాసివ్వాలి.

జాతీయ చెవుడు నివారణ, నియంత్రణ కార్యక్రమం 2007లో ప్రారంభమైంది. మార్చి 3 ప్రపంచ వినికిడి దినం. ఏటా ఆ రోజున గానీ, వినాయక చవితికి ముందు గానీ నర్సీపట్నం ప్రాంతీయ ఆసుపత్రిలో సౌండు సెట్లవారికి, బ్యాండు మేళాలవారికి, డప్పువాద్యగాళ్లకు ఉచిత చెవి పరీక్షా శిబిరం పెట్టడం జిల్లా వైద్య ఆరోగ్య శాఖకు మోయలేని భారం కాదు. మొదటి ఏడాది గీత దాచి, మరుసటి ఏడాది గీతతో పోల్చి చూస్తే ఎవరి చెవి దిగజారుతున్నదో తెలిసిపోతుంది.

కుర్రాళ్లు తమంతట తాము చేసుకోగల పనులూ వున్నాయి. మందుల దుకాణంలో, పనిముట్ల దుకాణంలో దొరికే స్పాంజి బిరడాలను సన్నగా నలిపి చెవిలో పెట్టుకోవాలి. దూది పెద్దగా ఆపదు. ఆరుబయట దూరం రెట్టింపయితే సాధారణంగా 6 డెసిబెళ్లు తగ్గుతాయి. మిక్సరును బాక్సులకు వీలైనంత ఎడంగా, పక్కకు జరిపి పెట్టుకోవాలి. ఇద్దరుంటే గంటకొకరు మారాలి. చెవిలో నూనెలు, పసరులు పోయరాదు. ఒక చెవి హఠాత్తుగా వినపడకుండా పోతే హోరు తగ్గుతుందిలే అని చూడకుండా వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి.

చివరకు పండగ కమిటీల పెద్దలు, పెళ్లివారు ఆలోచించవలసినది ఒకటి వుంది. పక్క వూరికంటె రెండు బాక్సులు ఎక్కువ పెట్టించడం, ‘పెంచరా తమ్ముడూ’ అని కేకలు వేయడం వారి పనే. డబ్బు ఇచ్చేవారు తగ్గించమంటే తగ్గించని డీజే వుండడు. రానున్న పండగల లోపే వైద్య శాఖ శిబిరం తేదీ ప్రకటించాలి. సెట్ల యజమానులు తమ దగ్గర పనిచేసే ప్రతి కుర్రాణ్ణీ ఆ రోజున కూలి కోయకుండా పంపాలి.