లావుగా ఉన్నంత మాత్రాన బలం ఉన్నట్టు కాదు



"ఇంత లావు మనిషికి విటమిన్లు తక్కువేమిటి సిస్టరుగారూ? పరీక్షలని తిప్పుతూ మా డబ్బు ఖర్చు చేయిస్తున్నారు గాని!"

ఒక సహోదరి భర్త మా దగ్గర అన్న మాట ఇది. ఆమెకు బరువు తగ్గే ఆపరేషన్ చేయడానికి పట్నంలో డాక్టరుగారు తేదీ ఇచ్చారు. ముందుగా చేయించమన్న రక్తపరీక్షల కోసం మా ఆసుపత్రికి వచ్చారు. విటమిన్ డి 9, బి12 140 వచ్చాయి. డి 20 కంటే, బి12 200 కంటే తగ్గితే లోపం కిందే లెక్క. రిపోర్టు చూసి డాక్టరుగారు ఆపరేషన్ రెండు నెలలు వెనక్కి జరిపారు. అప్పటికే వాళ్ళు సెలవు పెట్టుకున్నారు, డబ్బు సమకూర్చుకున్నారు, సంఘంలో ప్రార్థన కూడా చేయించుకున్నారు. కోపం రావడం సహజమే. అయినా ఆ వాయిదా సరైనదేనని మా అభిప్రాయం.

కొవ్వు వేరు, పోషణ వేరు. విటమిన్ డి కొవ్వులో కరిగేది. ఒంట్లో కొవ్వు ఎక్కువైతే అది అక్కడే చిక్కుకుని రక్తంలో తగ్గిపోతుంది. పైగా రోజంతా నీడపట్టున ఉండేవారికి మన ఎండ ఎంత ఉన్నా ఏం లాభం? ఇక బి12 పాలు, గుడ్లు, చేపలు, మాంసంలోనే ఉంటుంది. ఆదివారం కూర వండి, ముక్కలు భర్తకు, పిల్లలకు వడ్డించి, తాను పులుసుతో సరిపెట్టుకునే తల్లులు మన ఇళ్ళలో ఎందరో! ఈ సహోదరీ అంతే. దానికి తోడు ఏడేళ్ళుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతోంది. ఆ మాత్ర ఎక్కువ కాలం వాడితే బి12 తగ్గవచ్చు. అలాగని ఎవరూ మాత్ర మానకండి, పరీక్ష చేయించుకోండి.

ఆపరేషన్ తర్వాత చూసుకోవచ్చు కదా అంటారు. స్లీవ్ ఆపరేషన్‌లో కడుపులో ముప్పాతిక భాగానికి పైగా తీసేస్తారు. బి12 ఒంటికి పట్టడానికి కావలసిన పదార్థం తయారయ్యేది ఆ కడుపులోనే. బైపాస్‌లోనైతే ఇనుము, కాల్షియం ఎక్కువగా పీల్చుకునే చిన్నపేగు మొదటి భాగాన్ని ఆహారం తాకకుండా దాటిపోతుంది. తిండీ కొద్దిగానే పడుతుంది. అడుగంటిన కుండతో ఆ ప్రయాణం మొదలుపెడితే ఎముకలు, నరాలు, రక్తం మూడూ దెబ్బతింటాయి.

ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని, ఒళ్ళు నొప్పులని ఆమె ఏడాదిగా మాతో చెబుతూనే ఉంది. "బరువు తగ్గితే అన్నీ పోతాయమ్మా" అని పంపేశాం. లావుగా ఉన్నవారు ఏ బాధ చెప్పినా బరువు మీదికే నెట్టడం మాకూ అలవాటైపోయింది. మందులు వాడాక ఆమెకు నొప్పులు తగ్గాయి, ఆపరేషనూ జరిగింది. కానీ తిమ్మిర్లు పూర్తిగా పోలేదు. నరం ఎక్కువ కాలం దెబ్బతింటే అంత తేలికగా కోలుకోదు. ఆ ఏడాది మేము వృథా చేసిందే.

అందుకే మా మనవి. ఆపరేషన్‌కు తేదీ తీసుకునే ముందే డి, బి12, ఫోలేట్, ఇనుము, కాల్షియం పరీక్షలు అడిగి చేయించుకోండి. రక్తం ఇవ్వకముందే బి12 ఇంజక్షన్ వేయించుకోకండి, లెక్క తప్పు వస్తుంది. బి12 చూడకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే మింగకండి. రక్తం మెరుగుపడినట్టు కనిపిస్తూనే లోపల నరాలు పాడవుతాయి. 60,000 యూనిట్ల విటమిన్ డి వారానికొకటి అని రాస్తే వారానికొకటే. త్వరగా తగ్గాలని రోజూ వేసుకుంటే కాల్షియం పెరిగి కిడ్నీలకు ప్రమాదం. ఆపరేషన్ తర్వాత వాంతులు ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి రండి, బి1 పడిపోయి మెదడుకే ముప్పు రావచ్చు. విటమిన్ మాత్రలు జీవితాంతం వాడాలి. సన్నబడ్డాం కదా అని మానేయకూడదు.

దేహాన్ని దేవుని ఆలయమని నమ్మేవాళ్ళం మనం. పైకప్పు బరువు తగ్గించే ముందు పునాది చూసుకోవద్దా? రెండు నెలలు ఆగడం నష్టం కాదు.

ప్రభువు మీ కుటుంబాలను ఆరోగ్యంతో కాపాడును గాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్